శుక్రవారం దాకానా, శుక్రవారం లోపా?

పెనుకొండ దగ్గర కారు విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో జరిగిన సంగతి ఇది. అక్కడి కొరియన్ మేనేజరు ఒక సోమవారం పొద్దున మనవాళ్లకు ఇంగ్లీషులో మెయిలు పెట్టారు: 'ప్లీజ్ సెండ్ ద శాంపుల్స్ అంటిల్ ఫ్రైడే.' శుక్రవారం దాకా పంపుతూ ఉండమన్నారని మనవాళ్లు అనుకున్నారు. సోమవారం ఒక పెట్టె, మంగళవారం ఒక పెట్టె, బుధవారం ఇంకో పెట్టె పంపారు. ఆయన అడిగింది వేరు. శాంపుళ్లన్నీ ఒకేసారి, శుక్రవారం లోపు తన బల్ల మీద ఉండాలని. గురువారానికల్లా రెండు వైపులా కోపాలు ముదిరాయి. చెప్పిన పని చేస్తే తిడతాడేంటని వీళ్లు, రాసిచ్చినా వినరేంటని ఆయన.

ఆ సాయంత్రం ఆయన నా దగ్గరికి పాఠానికి వచ్చి, ఫోన్‌లో ఆ మెయిలు తెరిచి ముందు పెట్టారు. "ఇందులో తప్పేముంది, టీచర్?" అని అడిగారు. స్పెల్లింగు తప్పు లేదు. వ్యాకరణం తప్పు లేదు. ఏ పరీక్షలోనూ ఆ వాక్యానికి మార్కు తగ్గదు. అయినా దాని వల్ల నాలుగు రోజులు పోయాయి.

కొరియన్‌లో 'క్కాజి' అని ఒక ప్రత్యయం ఉంది. శుక్రవారం పక్కన దాన్ని చేరిస్తే 'శుక్రవారం దాకా' అనీ అర్థమే, 'శుక్రవారం లోపు' అనీ అర్థమే. ఏది ఎక్కడ వర్తిస్తుందో వెనక వచ్చే క్రియ చెబుతుంది. వాళ్లలో వాళ్లకు ఎప్పుడూ ఇబ్బంది రాదు. ఇంగ్లీషులో 'అంటిల్' వేరు, 'బై' వేరు. మనకూ దాకా వేరు, లోపు వేరు. బడిలో 'క్కాజి' అంటే 'అంటిల్' అని ఒక్క అర్థం నేర్చుకున్నాయన, ఆ ఒక్క అర్థంతోనే పాతికేళ్లు నెట్టుకొచ్చారు.

మాది హిందూపురం. ఇంగ్లీషు ఎం.ఏ. చేసి, చాలాకాలం ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పాను. పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చి, 2019లో కార్లు బయటికి రావడం మొదలయ్యాక మా వైపు బతుకే మారింది. పెద్ద ఫ్యాక్టరీ వెనకే విడిభాగాల కంపెనీలు, వాటితో పాటు కొరియా ఇంజినీర్లు, వాళ్ల కుటుంబాలు వచ్చాయి. ఎప్పుడూ చూడని గుండ్రాలు, గీతల అక్షరాలతో బోర్డులు లేచాయి. ఒకావిడ తన పిల్లాడికి ఇంగ్లీషు చెప్పమని అడిగారు. తర్వాత ఆవిడే కూర్చున్నారు. ఆ తర్వాత ఆవిడ భర్త, భర్త స్నేహితులు. అలా నా సాయంత్రాలన్నీ కొరియన్లవే అయ్యాయి.

ఇన్నేళ్లు వాళ్ల నోట్‌బుక్కులు దిద్దాక నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. కొరియన్ల ఇంగ్లీషులో జనం నవ్వుకునే తప్పులు ఎవరికీ పెద్దగా నష్టం చెయ్యవు. నష్టం చేసేవి తప్పుల్లా కనిపించవు. టీచర్లమేమో ఎర్ర సిరా అంతా మొదటివాటి మీదే ఒలకబోస్తున్నాం.

నేనూ అదే చేశాను. మొదటి ఏడాది ఒక గృహిణి నా దగ్గరికి వచ్చేవారు. ఆవిడ నోరు తెరిచిన ప్రతిసారీ 'ఆర్', 'ఎల్' దగ్గర ఆపి సరిదిద్దేదాన్ని. 'రైస్' అనండి, 'లైస్' కాదు, మళ్లీ అనండి, ఇంకోసారి. మూడో వారానికి ఆవిడ మాట్లాడటం మానేశారు. అడిగినదానికి తల ఊపడం, చిరునవ్వు, అంతే. తర్వాత రావడమే మానేశారు. బజారులో కూరగాయలు బేరం చెయ్యడానికి, పిల్లాడి బడిలో నాలుగు మాటలు మాట్లాడటానికి ఇంగ్లీషు కావాలని వచ్చిన మనిషి ఆవిడ. ఉన్న కాస్త మాటా నా వల్లే పోయిందన్న బాధ నాకింకా ఉంది. ఆ వేసవి సెలవుల్లోనే హంగుల్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. కొరియా రాజు సెజోంగ్ 1446లో జనానికి ప్రకటించిన లిపి అది. ఈరోజు వాడే మూల అక్షరాలు 24. చదవడం పది రోజుల్లో వచ్చేసింది. అప్పటిదాకా నా కళ్ల ముందే ఉన్నవి అప్పుడు కనబడ్డాయి.

'ఆర్', 'ఎల్' రెంటికీ హంగుల్‌లో కలిపి ఒకే అక్షరం. మాట మొదట్లో వచ్చినప్పుడు తేడా చూపించే దారే లేదు. కుడివైపు 'రైట్', దీపం 'లైట్' రెండూ 'రాయితు'. చట్టం 'లా', తక్కువ 'లో', పచ్చి 'రా', వరస 'రో' నాలుగూ కలిసి ఒకే 'రో'. అయితే మాట మధ్యలో సంగతి వేరు. అక్కడ 'ఎల్' కావాలంటే ఆ అక్షరాన్ని రెండుసార్లు పెడతారు, 'ఆర్' కావాలంటే ఒక్కసారే. అందుకే బఫూన్ 'క్లౌన్', కిరీటం 'క్రౌన్' హంగుల్‌లో వేరువేరుగానే ఉంటాయి. అంటే ఆ రెండు ధ్వనులూ వాళ్ల నోట్లో ఉన్నాయి. మాట మొదట్లో వాడే అలవాటే లేదు. "గాజు 'గ్లాస్' అన్నప్పుడు నాలుక ఎక్కడ తగులుతోందో చూసుకోండి, దీపానికీ అక్కడే పెట్టండి" అంటే చాలామందికి ఒక్క గంటలో దారి దొరుకుతుంది. ఆ గృహిణికి నేను ఈ ఒక్క మాట చెప్పగలిగి ఉండాల్సింది.

'ఎఫ్' ధ్వని కొరియన్‌లో లేదు. అరువు మాటలు ఎలా రాయాలో 1986లో ప్రభుత్వం పెట్టిన నియమాల్లో 'ఎఫ్' వస్తే ఒత్తి పలికే 'ప' రాయమన్నారు. అందుకే తిరిగే ఫ్యానూ, పొయ్యి మీది ప్యానూ ఒకటే 'పెన్'. 'వి' లేదు కాబట్టి 'బెస్ట్', బనియను 'వెస్ట్' రెండూ 'బెసుతు'. నోరు 'మౌత్', ఎలుక 'మౌస్' రెండూ 'మావుసు'. చిన్నపిల్లలు డిక్టేషన్‌లో ఎలుక బదులు నోరు రాస్తే వింతేముంది? ఇక 'ఎ' అచ్చుల సంగతి. కొరియన్ లిపిలో రెండు వేరు గుర్తులున్నాయి కానీ, ఇప్పటి సియోల్ మాటలో ఆ రెండూ కలిసిపోయాయి. 'నా' అనే మాటా 'నీ' అనే మాటా ఒకేలా 'నె' అని వినబడటంతో, జనం 'నీ'ని ఏకంగా 'ని' అని మార్చి పలుకుతున్నారు. సొంత భాషలోనే చెవికి తేడా తెలియని చోట, ఇంగ్లీషు 'బెడ్', 'బ్యాడ్'ల మధ్య స్పెల్లింగు తడబడకుండా ఎలా ఉంటుంది?

ఇది చదివి మనకు ఈ ఇబ్బంది లేదనుకోవడం సరికాదు. 'వెస్ట్' అనే మాట మన పిల్లాడితో అనిపించండి. బనియనా, పడమరా? మనకు 'వి', 'డబుల్యు' రెండూ 'వ'లోనే కలిసిపోతాయి. వాళ్లకు వెస్టూ బెస్టూ ఒకటి, మనకు వెస్టూ వెస్టూ ఒకటి.

అచ్చుల విషయంలోనైతే పోలిక చూసి నాకు నోట మాట రాలేదు. మనది అజంత భాష. పొల్లు హల్లుతో మాట ఆగిపోతే నాలుకకు తృప్తి ఉండదు. అందుకే బస్సు, కేకు, టెంటు. కొరియన్‌లో 'బొసు', 'కెయికు', 'తెంతు'. చివర వాళ్లు చేర్చే అచ్చు మన 'ఉ'కి దగ్గరిది, పెదవులు గుండ్రంగా పెట్టకుండా పలికేది. అంతటితో ఆగలేదు. మాట 'చ', 'జ'లతో ముగిస్తే మనం 'ఉ' వదిలేసి 'ఇ' పట్టుకుంటాం: బెంచీ, పేజీ, బ్యాడ్జీ. వాళ్లూ అంతే: 'బెంచి', 'పెయిజి', 'బెజి'. సముద్రాల అవతలి రెండు భాషలు ఒకే ఇంగ్లీషు మాటకు ఒకే చోట ఒకే రకం తోక తగిలించాయి. మనకు ఒత్తులున్నాయి కాబట్టి 'స్ట్రైకు'ని రెండక్షరాల్లో ముగించేస్తాం. వాళ్లకు హల్లు మీద హల్లు పెట్టే వీల్లేదు కాబట్టి అది 'సుతురాయికు' అవుతుంది. కొరియన్ మిత్రుడు 'కురిసుమాసు' అంటే, 'ఇస్కూలు' అనే మన అవ్వ గుర్తుకురావాలి.

పలికినట్టు రాసే లిపి ఉన్నవాళ్లకు స్పెల్లింగు రాదని కొందరు తేలిగ్గా తేల్చేస్తారు. కొరియన్ల విషయంలో ఇది పూర్తిగా తప్పు. 'నాత్' అని ఒకే రకంగా పలికే మూడు మాటలున్నాయి వాళ్లకు: కొడవలి, పగలు, ముఖం. మూడింటికీ చివరి అక్షరం వేరు. పలికితే తేడా లేదు, రాస్తే ఉంది. ఒకటో తరగతి పిల్లలకు దీనికోసమే డిక్టేషన్లు పెడతారు. మనం 'ఓనమాలు రానివాడు' అంటామే, దానికి వాళ్ల సామెత 'కొడవలి ముందు పెట్టుకుని గియక్ అక్షరం గుర్తుపట్టలేనివాడు' అని. గియక్ అంటే వాళ్ల మొదటి హల్లు, ఆకారం అచ్చం కొడవలే. రాతకూ పలుకుకూ మధ్య దూరం ఉంటుందన్న జ్ఞానం కొరియన్ పిల్లలకు ఆరేడేళ్లకే ఉంది. ఆ విషయంలో మన పిల్లల కన్నా వాళ్లే ఇంగ్లీషు స్పెల్లింగుకు సిద్ధంగా ఉంటారని నా అనుభవం. జారేది ధ్వని రెండుగా చీలని చోట మాత్రమే.

ఇక మాటలు. 'కాంగ్లిష్' అని వెక్కిరించే పదాల జాబితాలు ఎన్నో చూశాను. సెల్లుకి 'హ్యాండ్ ఫోన్', ల్యాప్‌టాప్‌కి 'నోట్‌బుక్', జిమ్ముకి 'హెల్త్', పరీక్షలో కాపీ కొట్టడానికి 'కన్నింగ్', గౌనుకి 'వన్ పీస్', స్టాప్లర్‌కి 'హాచ్‌కిస్', వాంతికి 'ఓవరీట్'. హోటల్లో డబ్బు తీసుకోకుండా అదనంగా ఇచ్చే ప్లేటుకి 'సర్వీస్'. ఆ మాట విన్నప్పుడు నాకు మన కొసరు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. కొసరు అనే మాటకు ఇంగ్లీషులో నాకెప్పుడూ సరైన పదం దొరకలేదు, కొరియన్ వాళ్లు ఇంగ్లీషు మాటతోనే తయారుచేసుకున్నారు. వీటిలో 'హ్యాండిల్' అంటే స్టీరింగు, 'బ్యాక్ మిర్రర్' లాంటి కొన్ని, 1910 నుంచి 1945 దాకా సాగిన జపాన్ పాలన నాటి వారసత్వంగా జపనీస్ మీదుగా వచ్చాయి.

ఇవి తప్పులని నేను ఒప్పుకోను. ఇవి కొరియన్ మాటలు. మనం 'టిఫిను' అన్నా, తిండి దొరికే చోటును 'హోటలు' అన్నా, 'బోరు కొడుతోంది' అన్నా అవి తెలుగు మాటలే అయినట్టు. 2021 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కొరియా మూలం ఉన్న 26 మాటలను ఒకేసారి చేర్చుకుంది. కింబాప్, హన్‌బోక్ లాంటి అచ్చ కొరియన్ మాటలతో పాటు, ఆత్మీయంగా తాకడాన్ని చెప్పే 'స్కిన్‌షిప్', ధైర్యం చెప్పేటప్పుడు పిడికిలి బిగించి అనే 'ఫైటింగ్' కూడా అందులో ఉన్నాయి. 'కాంగ్లిష్' అన్న మాటే అందులో ఉంది. మన 'ప్రీపోన్' ఆ నిఘంటువులోకి అంతకుముందే వెళ్లింది. నా క్లాసులో కాంగ్లిష్ మాటలను కొట్టెయ్యను. ఇంట్లో ఇలా, బయట అలా అని పక్కన రెండో మాట రాయిస్తాను. పరాయి దేశపు ఆసుపత్రిలో నిలబడి 'ఓవరీట్' అంటే ఎక్కువ తిన్నాడనుకుంటారు, అది తెలియాలి. అంతకు మించి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నన్ను నిజంగా ఆపి ఆలోచింపజేసినవి ఇంకో తరగతి మాటలు. ఒకాయన పాఠం రద్దు చెయ్యమని కోరుతూ 'ఐ హావ్ ఎ ప్రామిస్ విత్ మై వైఫ్' అని మెసేజీ పెట్టారు. ఏ ఒట్టు పెట్టుకున్నారో అనుకున్నాను. కొరియన్‌లో 'యక్సోక్' అంటే ఇచ్చిన మాటా అదే, ఫలానా వేళకు కలుద్దామని అనుకోవడమూ అదే. యాభై ఏళ్ల పెద్దమనిషి 'ఆదివారం స్నేహితులతో ప్లే చేశాను' అంటారు. 'నోల్దా' అనే క్రియకు నిఘంటువులో మొదటి అర్థం ఆడుకోవడం. పెద్దవాళ్ల విషయంలో దానర్థం హాయిగా కలిసి కాలం గడపడం. మా ఇంటికి రండి అని ప్రేమగా పిలవాలన్నా ఆ క్రియే వాడతారు.

'అవర్ వైఫ్' అని రాసిన నోట్‌బుక్కు కూడా నా దగ్గరుంది. మిగతా దేశాల టీచర్లు ఇది చూసి ఉలిక్కిపడతారేమో, నాకు మాత్రం ఇంట్లో మాట వినబడింది. మనం మా ఆవిడ, మా అమ్మ, మా ఇల్లు అంటాం తప్ప నా ఇల్లు అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. కొరియన్‌లో ఆ మాట 'ఉరి'. మన చెవికి భయంగా తోచినా, అక్కడ దానంత దగ్గరితనం ఉన్న మాట ఇంకోటి లేదు. మన దగ్గర మా, మన అని రెండుంటే వాళ్ల 'ఉరి'లో రెండూ ఇమిడిపోతాయి.

వాక్యం అల్లిక కూడా అంతే. 'నేను నిన్న స్నేహితుడితో ఇంట్లో అన్నం తిన్నాను' అనే మాటను కొరియన్‌లో పెడితే ఒక్క పదం కూడా స్థానం మారదు: 'నానున్ ఒజే చింగువా చిబెసొ పబుల్ మొగొత్తా.' అన్నం అంటే భోజనమనే అర్థం కూడా రెండుచోట్లా ఉంది, 'అన్నం తిన్నారా' అనేది రెండుచోట్లా కుశలప్రశ్నే. 1886లో ఇంగ్లీషు నేర్పడానికి కొరియా వెళ్లిన అమెరికన్ హోమర్ హల్బర్ట్, 1905లో కొరియన్‌నీ ద్రావిడ భాషలనూ పోలుస్తూ ఒక వ్యాకరణమే ప్రచురించాడు. ఆ చుట్టరికాన్ని నేటి భాషావేత్తలు ఒప్పుకోరు. చుట్టరికం లేకపోయినా, 'డిడ్ యు ఈట్ రైస్' అని కొరియన్ అతిథి పలకరిస్తే ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో తెలుగువాడికి వివరించక్కర్లేదు.

ఈ మాటల తప్పులన్నిటికీ కారణం ఒకటే అని నా నమ్మకం. మాటకొక్క అర్థం చొప్పున బట్టీ పట్టించడం. అక్కడ పిల్లలు పదసంపద పుస్తకాలను 'బోకా' అని ముద్దుగా పిలుస్తారు. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క కొరియన్ మాట, రోజుకిన్ని. 1997 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు తప్పనిసరి. బడి అయ్యాక హగ్వన్ అనే ట్యూషన్ సెంటర్లు. చివర్లో కాలేజీ ప్రవేశానికి నవంబరులో జరిగే సునుంగ్ పరీక్ష. ఇంగ్లీషు పేపర్లో 45 ప్రశ్నలకు 70 నిమిషాలు, వాటిలో 17 విని రాయాల్సినవి. ఆ వినే భాగం కోసం అరగంట పైచిలుకు సేపు దేశమంతటా విమానాలు ఎగరవు, దిగవు. ఒక దేశం ఆకాశాన్నే నిశ్శబ్దం చేసేంత బరువు ఒక పరీక్ష మీద పెడితే, పిల్లలు వేగంగా గుర్తుపట్టడం నేర్చుకుంటారు. 'అంటిల్' చూడగానే 'క్కాజి' గుర్తొస్తే మార్కు వస్తుంది. తిరుగు ప్రయాణంలో 'క్కాజి' నుంచి ఏ మాటకు వెళ్లాలో ఆ పరీక్ష అడగదు. ఉద్యోగాలకు అడిగే ఇంగ్లీషు పరీక్ష టోయిక్‌లో 990కి 900 దాటినవాళ్లు నా ముందు కూర్చుని ఆ ఒక్క చోటే పదే పదే జారడం చూశాను.

దీన్ని ఎవరు పట్టుకోవాలి? కొరియాలో సంభాషణ ఇంగ్లీషు నేర్పేవాళ్లకిచ్చే ఈ-2 వీసా సాధారణంగా ఏడు దేశాల పాస్‌పోర్టులున్నవాళ్లకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. అక్కడినుంచి వచ్చే టీచర్లలో ప్రేమగా, కష్టపడి చెప్పేవాళ్లు ఎందరో ఉంటారు, వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. పుట్టిన దేశాన్ని అర్హతగా చూసే పద్ధతి మీదే ఉంది. 'ఐ వర్క్‌డ్ హార్డ్‌లీ' అని ఒక ఇంజినీరు వారం నివేదికలో రాస్తారు. కష్టపడి చేశానని ఆయన ఉద్దేశం, పని చేసిందే లేదని ఇంగ్లీషు అర్థం. దాన్ని కొట్టేసి సరైనది రాయడం ఎవరైనా చేస్తారు. 'స్లో'కి 'లీ' చేరిస్తే 'స్లోలీ' అయినప్పుడు 'హార్డ్'కి చేర్చడం తప్పెలా అయిందని ఆయన అడిగితే, ఆ నియమాన్ని తానూ ఒకప్పుడు పరాయి నియమంగా నేర్చుకున్న మనిషి దగ్గర జవాబు ఉంటుంది. ఇంగ్లీషును కష్టపడి సంపాదించుకున్నవాళ్లకు అందులో గుంటలెక్కడున్నాయో కాళ్లకు తెలుసు.

ఇప్పుడు నా క్లాసులో ఏ తప్పు కనబడినా మొదట అడిగేది "దీన్ని కొరియన్‌లో ఎలా అంటారు?" అని. వాళ్లు చెప్పగానే సగం తప్పు దానంతటదే విప్పుకుంటుంది. కొత్త విద్యార్థికి మొదటి నెల 'ఆర్', 'ఎల్' ఊసే ఎత్తను. 'బై', 'అంటిల్', 'హార్డ్', 'హార్డ్‌లీ', 'మోస్ట్', 'ఆల్మోస్ట్', ఇంకో పది మాటలు. వాటి మీదే కూర్చుంటాం. తలపెట్టిన పని పాడయ్యేది, మనుషుల మధ్య మాటపట్టింపులు వచ్చేది వాటితోనే. ఒక తండ్రికి ఇది నచ్చలేదు. నాలుగు వారాలైనా పిల్లాడి ఉచ్చారణ మారలేదని మాన్పించేశారు. ఆయనతో వాదించాను, ఒప్పించలేకపోయాను.

పోయిన ఏడాది ఆ మేనేజరుకి కొరియాలోని గ్వాంగ్జుకి బదిలీ అయింది. వెళ్లే వారం, కొరియన్లు వాడే మెసేజీల యాప్ కాకావోటాక్‌లో మెసేజీ పెట్టారు. గురువారం లోపు ఇల్లు ఖాళీ చేస్తానని రాశారు, 'బై థర్స్‌డే' అని, ఎక్కడా తడబడకుండా. కింద ఇంకో వాక్యం: 'టీచర్, ప్లీజ్ కమ్ టు అవర్ హౌస్ అండ్ ప్లే.' తప్పకుండా వస్తానని జవాబిచ్చాను.